ముందు ఎడమ చక్రం

కారు బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం దగ్గర కింద పడుకుని చిన్న నట్టు వదులు చేయాలి, ఇంకొకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. మా ఇంట్లో కింద పడుకునేది మా ఆయన, తొక్కేది నేను. "తొక్కు" అంటే తొక్కాలి. "పట్టు" అంటే అట్లే అదిమి పట్టాలి. "ఇడ్సు" అంటే వదలాలి. నాలుగు చక్రాలకూ అయ్యేసరికి నా కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. ఆ కారు మా ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అన్నేళ్లూ దాని రిపేరులో నా పని ఇట్లాంటిదే. ఎందుకు తొక్కుతున్నానో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ కారు మా ఆయన పనిచేసిన బియ్యం మిల్లు యజమానిది. సిరుగుప్ప రోడ్డులోని ఆ మిల్లులో ఆయన ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. యజమాని కొత్త బండి కొన్నాక ఈ చిన్న తెల్ల కారు ఊక కుప్పల పక్కన ఏడాది పాటు పడి ఉంది. సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. "కావాలంటే తీసుకుపో" అన్నాడట యజమాని. మా ఆయన దాన్ని ట్రాక్టరుకు కట్టి బళ్లారి దాకా లాక్కొచ్చాడు. ఇంజను విప్పి ముక్కలన్నీ మా ముందు గదిలో పాత చీర మీద పరిచాడు. నాలుగు నెలలు మేమిద్దరం, అప్పటికి బడికి పోతున్న మా కూతురు, వంటింట్లో పడుకున్నాం. ఆ కూతురు పెళ్లయి ఇప్పుడు హొసపేటలో ఉంది. కారు మాత్రం ఇక్కడే ఉంది.

బ్రూస్‌పేటలో మా సందు రెండు చిన్న కార్లు పట్టేంత వెడల్పు. కారును ఇంటి గోడకు ఆనించి, ఎడమ పక్క చక్రాలు మురుగు మోరీ బండల మీద ఉండేట్టు పెడతాం. రిపేరు అంటే గుమ్మం ముందే. గోనెసంచి పరిచి, జాకీ ఎత్తి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఆయన కిందికి దూరతాడు. విప్పిన నట్లు పెట్టడానికి నా స్టీలు ప్లేట్లు తీసుకుపోతాడు. గ్రీజు అంటిన ప్లేటు ఎంత తోమినా వాసన పోదు. అట్లా మా ఇంట్లో అన్నం తినడానికి పనికిరాని ప్లేట్లు ఆరేడు పోగయ్యాయి.

నేను ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టే పని చేస్తాను. పొద్దున కట్టలు తెచ్చి వేస్తారు, మర్నాడు తీసుకుపోతారు. మోటారు మిషను మీద రోజంతా వంగి కూర్చుంటే సాయంత్రానికి మెడ తిరగదు. మందపాటి గుడ్డ కాబట్టి సూది విరగకముందే మిషను చప్పుడు మారుతుంది. నూనె తక్కువైతే ఒక చప్పుడు, బెల్టు జారితే ఇంకొకటి. ఈ సంగతి నాకు తెలుసని నేనే ఎప్పుడూ అనుకోలేదు. చేతులు వాటంతటవే ఆగేవి.

చప్పుడు వినడంలో పేరు మాత్రం మా ఆయనది. సందులో ఎవరి పాత కారు మొరాయించినా ఆదివారం మా గుమ్మం ముందుకు వచ్చేది. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. రెండు మూడు చోట్ల అట్లా విని, "నీళ్ల పంపు పోయింది" అనో, "మూడో వాల్వు" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. మిల్లులో అన్ని మరలూ ఒక్కసారిగా తిరుగుతున్నా, ఏ మర బేరింగు అరిగిందో ఆయన గుమ్మంలో నిలబడి చెప్పేవాడని తోటివాళ్లు అనేవారు. ముప్ఫై ఏళ్లు ఆ హోరులో నిలబడ్డాడు. చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. పెట్టుకుంటే మరల మాట ఎట్ల ఇనేది, అనేవాడు.

ముందు పోయినవి సన్నని చప్పుళ్లు. ఫోను మోగితే పక్కనే ఉండి కూడా తీసేవాడు కాదు. కుక్కరు ఎన్ని విజిల్సు వేసిందో చెప్పమంటే, "ఇంకా ఏయల్యా" అనేవాడు. పప్పు మాడిపోయేది. నేను మిషను దగ్గర నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పరధ్యానం అనుకున్నాను. రిటైరైన మొగవాళ్లు అట్లే ఉంటారని పక్కింటామె కూడా అంది.

ఒక ఆదివారం మా కారుకు ట్యాపెట్లు పెట్టాడు. అంటే ఇంజను పైమూత విప్పి, వాల్వుల పైన ఉండే సందును సన్నని ఇనుప రేకులతో కొలిచి సరిచేయడం. సందు ఎక్కువైతే టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. పని అయ్యాక స్టార్ట్ చేసి, ఇంజను మీదికి వంగి కాసేపు ఉన్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు.

"తగ్గిందా?"

అన్నేళ్లలో ఆయన నన్ను అట్లా అడగడం అదే మొదటిసారి. చప్పుడు తగ్గలేదు. ఒకటి టిక్కుమంటూనే ఉంది. కానీ ఆ రోజు నేను పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నాను. లోపల రెండు కట్టలు కుట్టాల్సినవి మిగిలిపోయాయి. తగ్గలేదంటే మళ్లీ మూత విప్పాలి, మళ్లీ నేను ముందరి కప్పీని చేత్తో తిప్పుతూ నిలబడాలి.

"తగ్గింది" అన్నాను.

ఆయన మూత బిగించి సబ్బు అడిగాడు. నేను లోపలికి పోయి మిషను మీద కూర్చున్నాను. చాలాసేపు దారం ఎక్కించలేకపోయాను.

ఆ తర్వాత రెండు నెలలకు మా ఆడబిడ్డ కాలు విరిగింది. ఆమె మా ఆయన కంటే పెద్దది. దేశనూరులో ఒంటరిగా ఉంటుంది. మొగుడు పోయి చాలా ఏళ్లైంది, పిల్లల్లేరు. నాట్లకు కూలికి పోయి గట్టు మీద జారి పడింది. బళ్లారి ఆసుపత్రిలో తొడ దాకా కట్టు కట్టి, ఆరు వారాలకు తీసుకురమ్మన్నారు. మా ఇంట్లో ఉండమంటే వినలేదు. "నా బర్రెను ఎవురు చూస్తారు" అని దేశనూరుకే పోయింది. పక్కింటివాళ్లు రెండు పూటలా ముద్ద పెట్టేవాళ్లు. మేము ప్రతి ఆదివారం మందులు, వారానికి సరిపడా పచ్చళ్లు, పొడులు తీసుకుని కారులో పోయి వచ్చేవాళ్లం. కట్టు విప్పే రోజు ఆమెను తీసుకురావాలన్నా కారే దిక్కు. చాపిన కాలుతో బస్సు ఎక్కలేదు.

రెండోసారి పోతున్నప్పుడు నాకు ఆ చప్పుడు వినిపించింది. వేగం నలభై దాటితే మొదలయ్యేది. దూరంగా ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు, 'ఊఁ' అని ఒకే పాట. వేగం పెరిగితే అదీ పెరిగేది.

"ఏందో శబ్దము వస్తాండాది" అన్నాను.

"టైర్లది. రోడ్డు బాగాల్యా."

రోడ్డు బాగున్నచోట కూడా వచ్చింది. నేను మళ్లీ అన్నాను. ఆయన మాట్లాడలేదు. విననట్టు ఉన్నాడనుకున్నాను. మూడో ఆదివారానికి మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సినంత అయింది. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు.

"నా కాళ్ల కాడ నుంచి వస్తాండాదప్పా. కింద ఏదో తిరిగినట్ల."

ఆయన గేరు రాడ్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. "అవ్, వణుకుతాండాది" అన్నాడు. "గేర్ బాక్స్ కూడా ఆ పక్కనే కదా ఉండేది. క్లచ్ బేరింగు పోయుంటాది. దించాల."

నేను ముందు సీట్లో ఎడమ పక్క కూర్చుంటాను. చప్పుడు నా పాదాలకు ముందు, బయట నుంచి వస్తోంది. గేర్ బాక్స్ నుంచి అయితే మధ్యలో నుంచి రావాలి కదా అని అనుకున్నాను. అనుకున్నదాన్ని గట్టిగా చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు మరలతో బతికిన మనిషికి జేబులు కుట్టేదాన్ని ఏం చెప్పను.

గేర్ బాక్స్ దించడం ఇంటి దగ్గర చేసే పని కాదు. గుంత ఉండాలి, గొలుసు కప్పీ ఉండాలి. మాకు ఉన్నవి ఒక జాకీ, ఒక పాత టైరు, నేను. బ్యాటరీ తీశాడు, కేబుళ్లు తీశాడు, ఇంజను కింద దుంగ పెట్టి ఆనించాడు. చివరి బోల్టు విప్పేటప్పుడు నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ బరువును టైరు మీదికి జారేట్టు పట్టుకోవాలి. జారింది. నా చూపుడు వేలు గోరు కింద పడి నల్లబడింది. మర్నాటి నుంచి జేబులు కుట్టేటప్పుడు ఆ వేలు ఎత్తి పెట్టుకుని కుట్టాను. కట్టలు ఆలస్యమయ్యాయి. తెచ్చేవాడు గుమ్మంలో నిలబడి, "ఏంది అక్కా, ఫ్యాక్టరీ పెట్టుకున్న్యారా ఈడ" అని, కారు కిందున్న మా ఆయన కాళ్లు తొక్కకుండా దాటి వెళ్లాడు.

రెండు వారాలు కారు అట్లే విప్పి ఉంది. గాలి వస్తే ఎర్ర దుమ్ము లోపల పడకుండా నా చీరలు కప్పాను. ఒక ఆదివారం నేనొక్కదాన్నే బస్సులో దేశనూరు పోయి మందులిచ్చి వచ్చాను. వచ్చేసరికి ఆయన కొత్త క్లచ్ బేరింగు వేసి, పాతదాన్ని చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు. అది సాఫీగానే తిరుగుతోంది. ఆ సంగతి ఆయనకూ తెలుసని మొహం చూస్తే తెలిసింది. అయినా గేర్ బాక్స్ మళ్లీ ఎక్కించాలి. దించడం కంటే ఎక్కించడం కష్టం. పక్కింటాయన వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఆ రోజు నేను అన్నం వండలేదు. హోటలు నుంచి తెచ్చిన చిత్రాన్నం తిని, చేతులు కడుక్కునే ఓపిక లేక అట్లే కూర్చున్నాం.

ట్రయల్‌కు హగరి వైపు పోయాం. స్టేషన్ దాకా పోయి తిరిగి రావాలని. ఇంకో నాలుగు రోజుల్లో ఆడబిడ్డను ఆసుపత్రికి తీసుకురావాలి. ఊరు దాటాక ఆయన వేగం పెంచాడు. ముప్ఫై. నలభై. నలభై దాటింది. 'ఊఁ' అని మొదలైంది.

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"పోయిందా?"

పోయిందని చెప్పడం చాలా సులువు. ఇంటికి పోయి పడుకోవచ్చు. కానీ నాలుగు రోజుల్లో కాలు విరిగిన మనిషిని ఈ కారులో కూర్చోబెట్టాలి.

"పోల్యా. అట్లే ఉండాది."

ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాడు. అటూ ఇటూ జొన్న చేలు. ఒక లారీ పోయింది, కారు ఊగింది.

"నీకేం తెలుస్తాది" అన్నాడు చివరికి. "అన్నీ కొత్తవి ఏసినా. టైర్ల సద్దును పట్టుకోని ఇంజను సద్దు అంటావు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. మామూలుగానే చెప్పాను.

"ఇంజనుదని నేనెప్పుడన్నా? స్టీరింగు కుడి పక్కకి తిప్పితే శబ్దము పెరుగుతాండాది. ఎడమకి తిప్పితే తగ్గిపోతాండాది. ప్రతిసారీ అంతే."

ఆయన నా వైపు తిరిగాడు. మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. సందులో కార్లు చూసేటప్పటి మొహం అది. కారు మళ్లీ రోడ్డెక్కించాడు. వేగం అందుకున్నాక గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలాడు.

"ఇప్పుడుండాదా?"

"ఉండాది."

ముందూ వెనకా ఎవరూ లేరని చూసి, స్టీరింగును కొంచెం కుడికి, కొంచెం ఎడమకి ఆడించాడు. ప్రతిసారి నా వైపు చూశాడు. నేను 'పెరిగింది', 'తగ్గింది' అని చెప్తూ పోయాను. వేగం తగ్గి తగ్గి కారు దానంతటదే ఆగిపోయింది.

"కుడికి తిప్పితే బరువంతా ఎడమ చక్రం మీద పడతాది" అన్నాడు. "ముందర ఎడమ చక్రం. దాని బేరింగు." కొంచెం ఆగి అడిగాడు. "ఎప్పట్నుంచి ఇట్ల?"

"మొదట్నుంచీ. చెప్తే ఇంటివా?"

ఆయన కిటికీ అద్దం దించి, మళ్లీ ఎక్కించాడు.

"ఇనల్యా అనుకోవద్దు" అన్నాడు. "ఇనపడల్యా."

ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎన్నాళ్లు పట్టిందో నాకు తెలియదు. హగరి స్టేషన్ దాకా పోలేదు. అక్కడే తిప్పుకుని ఇంటికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే కారు ముందు ఎడమ పక్క జాకీ పెట్టి లేపాడు. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. సన్నగా కదిలింది. తర్వాత నన్ను చక్రం తిప్పమని, తాను దాని వెనకున్న స్ప్రింగు మీద వేళ్లు పెట్టాడు. ఇసుక మీద రాయి లాగినట్టు నాకు వినిపిస్తోంది. ఆయన వేళ్లకు తెలిసింది. తల ఊపాడు. "నువ్వు పట్టుకో" అని నా వేళ్లు అక్కడ పెట్టించి తాను తిప్పాడు. కరకరమని వేళ్లలోకి ఎక్కింది. అన్నేళ్లలో 'ఇది ఇట్లా ఉంటుంది' అని ఆయన నాకు చూపించడం అదే మొదలు.

చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు రాలేదు. జాకీ దించి, పానాకు నీళ్ల పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. నేను లోపల కూర్చుని, చక్రం తిరగకుండా రెండు కాళ్లతో బ్రేకు తొక్కిపట్టాను. మూడోసారికి టక్కుమని వదిలింది. ఆయన పైపు మీద నుంచి గోడ మీదికి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. ఇద్దరం కాసేపు గుమ్మంలో కూర్చున్నాం. నవ్వాలో వద్దో తెలియలేదు.

బేరింగు ఉండే భాగం మొత్తం విప్పి గోనెసంచిలో వేసుకుని ఆటోలో లేత్ షాపుకు పోయాం. పాత బేరింగును నొక్కి బయటికి తీయాలంటే ప్రెస్సు కావాలి. షాపాయన దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసి, "అరే చాచా, పూరా ఖరాబ్ హో గయా. ఇత్తే దిన్ కైసే చలాయే?" అన్నాడు. పూర్తిగా పాడైపోయింది, ఇన్ని రోజులు ఎట్లా నడిపారని. మా ఆయనకు ఆ ప్రశ్న వినపడిందో లేదో నాకు తెలియలేదు. బేరింగు లోపలి గోళీలు గుంటలు పడి ఉన్నాయి. గ్రీజు బూడిదలా ఎండిపోయింది.

"చప్పుడు నేను చాన్నాళ్ల కిందే చెప్పినా" అని నేనే జవాబిచ్చాను.

కొత్తది నొక్కించుకుని ఇంటికి తెచ్చి, మర్నాటికి బిగించాం. ఈసారి హగరి వైపు పోలేదు. తేరు వీధి మీదుగా ఒక చుట్టు చుట్టి సిరుగుప్ప రోడ్డెక్కి, అరవై దాకా పోయాం. ఇంజను చప్పుడు, గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన అడగకముందే "పోయింది" అన్నాను. ఆయన నా మొహం కాసేపు పరీక్షగా చూశాడు.

అనుకున్న రోజుకు దేశనూరు పోయి ఆడబిడ్డను వెనక సీట్లో కాలు చాపి కూర్చోబెట్టుకుని బయలుదేరాం. సగం దారిలో ఒక లారీ వెనక నుంచి హారన్ కొడుతూ వచ్చింది. మా ఆయన మధ్యలోనే పోతున్నాడు. లారీ మళ్లీ కొట్టింది, ఇంకా కొట్టింది. నేను ఆయన భుజం తట్టి చేత్తో ఎడమకి చూపించాను. పక్కకి తీశాడు. లారీ మమ్మల్ని రాసుకుంటున్నంత దగ్గరగా పోయింది. చక్రం చప్పుడు వెతకడంలో పడి ఈ సంగతి నేను ఆలోచించనే లేదు.

"ఏమిరా, అంతసేపు కొడతాంటే దావ ఇయ్యవేంది?" అంది ఆడబిడ్డ.

"ఎవురు?"

ఆమె అద్దంలో నుంచి నన్ను చూసింది. నేను చూపు దించుకున్నాను.

ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆమె అసలు మాటకు వచ్చింది. "ఈడనే చెవి డాక్టరు ఉండాడంట. పోయి చూపిచ్చుకో."

"ముందర నీ పని కానీ అక్కా."

"నా కట్టు కోసేదానికి నువ్వెందుకు? నీ పెండ్లాము ఉండాది. నువ్వు పో. నిన్ను నమ్ముకోని మేము కార్లో కూసున్న్యాము."

ఆయన లేచాడు. అక్క మాటకు ఆయన చిన్నప్పటి నుంచీ ఎదురు చెప్పలేదట. ఆమె కట్టు కోయించి, సన్నగా తెల్లగా అయిపోయిన కాలు చూసుకుని, "కొంగ కాలైపాయె" అంది. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నేను చెవుల గది వైపు పోయాను.

ఆయన ఒక చిన్న గాజు గదిలో ఉన్నాడు. తల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో బటను. పరీక్ష చేసే అమ్మాయి, "కేళిదాగ ఒత్తి అంకల్" అని, వినపడినప్పుడు నొక్కమని, వేలితో చూపించి మరీ చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆ అమ్మాయి మిషను మీద ఒక్కొక్కటే తిప్పుతోంది. ఆయన బొటనవేలు కదల్లేదు. ఇంకొంచెం తిప్పింది. కదల్లేదు. నాలుగైదు సార్లు అట్లే అయింది. ఆయన ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడు నొక్కాలో ఆమె మొహంలో నుంచి కనుక్కుందామని చూస్తున్నాడని నాకు అర్థమైంది. మా ఇంట్లో నా మొహంలోకి కూడా ఎన్నాళ్ల నుంచో అట్లే చూస్తున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరు పరీక్ష కాగితం చూసి మొదట అడిగిన మాట, "ఏ మిల్లులో చేస్తుంటివి?" అని. పోయింది తిరిగి రాదన్నాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు వినపడతాయని, హోరుకు దూరంగా ఉంటే ఉన్నదైనా నిలుస్తుందని చెప్పాడు. అంతవరకు ఒక్కడే బండి నడపొద్దన్నాడు.

ఆడబిడ్డ దగ్గరికి పోయేముందు వరండాలో నేను ఆయన్ని ఆపి, దగ్గరగా చెప్పాను. "ట్యాపెట్లు పెట్టిన రోజు తగ్గిందని చెప్తి కదా. తగ్గల్యా."

"మరి ఎందుకు చెప్తివి?"

"కాళ్లు నొచ్చినాయి. లోపలికి పోదామనిపిచ్చింది."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "ఇంగ అట్ల చెప్పొద్దు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ ఆదివారం ఇంజను మూత మళ్లీ విప్పాడు. ఒక్కొక్క వాల్వు సరిచేసి స్టార్ట్ చేసి నా వైపు చూశాడు. నేను 'ఇది కాదు', 'ఇది కాదు' అని చెప్తూ పోయాను. మూడోదానికి టిక్కుమనడం ఆగింది. కారుకు ఎడమ పక్క అద్దం ఉండేది కాదు, పాత బండ్లకు చాలావాటికి ఉండదు. రెండు పక్కలా పెద్ద అద్దాలు బిగించాడు. చెవి మిషను కూడా వచ్చింది. మొదటి రోజు గిన్నెలు పెడితే ఉలిక్కిపడ్డాడు. నా కుట్టు మిషను పక్కన ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయాడు. ఇంజను దగ్గర ఆ చెవి మిషను పనికిరాదు, అంతా ఒకటే హోరు అంటాడు. అక్కడ తీసి జేబులో పెట్టుకుంటాడు. మిగతా వేళల్లో పెట్టుకుంటాడు. మర్చిపోతే ఆడబిడ్డ ఫోనులో కేకలేస్తుంది. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కూలికి మాత్రం పోవడం లేదు.

ఈ సంగతి సందులో తెలిసిపోయింది. ఎవరైనా కారు తెస్తే ముందు మా ఆయన చూస్తాడు, చప్పుడు ఉంటే నన్ను పిలుస్తాడు. కొంతమంది నన్ను చూసి నవ్వుతారు, కొంతమంది మర్యాదగా నిలబడతారు. నాకు రెండూ ఒకటే. మిషను ఆపి లేవాలి, చెప్పులు వేసుకోవాలి, వంగాలి, మళ్లీ వచ్చి వదిలిన కుట్టు వెతుక్కోవాలి.

పోయిన ఆదివారం చివరి ఇంటి బ్యాంకు ఉద్యోగి తన పాత కారు తెచ్చాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏదో కొట్టుకుంటోందట. నేను ఆయన పక్క సీట్లో కూర్చుని కోట రోడ్డు దాకా పోయి వచ్చాను. నిజంగానే కొట్టుకుంటోంది. ఒకసారి ముందు నుంచి, ఒకసారి కింద నుంచి వచ్చినట్టుంది. ఎంత విన్నా పట్టుకోలేకపోయాను. మా ఆయన బానెట్ మీద, గేరు మీద, అన్నింటి మీద చేతులు పెట్టి చూశాడు.

"ఏమన్నా తెల్సిందా?" అని అడిగాడు.

"తెలీల్యా."

"నాకూ తెలీల్యా" అన్నాడు. బ్యాంకు ఆయన వైపు తిరిగి, "ఏదన్నా పెద్ద గ్యారేజీకి తీస్కపోప్పా. మాతో కాదు" అన్నాడు.

బ్యాంకు ఆయన మరేం అనుకోకుండా కారు తీసుకుని వెళ్లిపోయాడు. మా ఆయన చేతులు కడుక్కున్నాడు. నేను టీ పెట్టాను. కట్టలు ఇంకా ఉన్నాయి గానీ మిషను మీద కూర్చోలేదు. తలుపు చేరవేసి, ఫ్యాను వేసుకుని, ముందు గదిలోనే చాప పరుచుకుని ఇద్దరం సాయంత్రం దాకా నిద్రపోయాం.